ఎలాదియో నిలబడే చోటు

జనవరి 14, మంగళవారం

ఈ రోజు నేను పాడాను. ఊరికే పాడటం కాదు, స్టూడియోలో, మైకు ముందు, స్పెయిన్ దేశస్థుల పక్కన నిలబడి పాడాను. అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ. డెబ్బై ఏళ్ళు దాటాక దేవుడు ఇంత సంతోషం దాచిపెట్టి ఇస్తాడని ఎవరనుకుంటారు. స్తోత్రం, స్తోత్రం.

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, లేకపోతే రేపు నేనే నమ్మను. పొద్దున మా కోడలు మెర్సీ, హాస్పిటల్ డ్యూటీకి పోతూ, "మామయ్యగారూ, మీ అబ్బాయి క్యారేజీ మర్చిపోయాడు, కాస్త ఇచ్చిరారా" అంది. గుదైబియాలో బస్సెక్కి జింజ్‌లో మా వాడు విక్టర్ పనిచేసే స్టూడియోకి వెళ్ళాను. లోపల నలుగురు ముసలి దొరలు ఉన్నారు. జుఫైర్‌లో ఒక హోటల్లో, ఈ బహ్రెయిన్ చలికాలమంతా పాడుతున్న బృందం ఇదేనట. పేరు లాస్ సింకో ఫరోలెస్, అంటే ఐదు వీధిదీపాలు అని విక్టర్ చెప్పాడు. బృందం పెట్టి యాభై ఏళ్ళయిందట. ఆ పండక్కి కొత్త ఆల్బం చేస్తున్నారు. రంజాన్ మొదలైతే హోటళ్ళలో పాటలుండవు కాబట్టి ఈలోగా ముగించుకొని ఇళ్ళకు పోవాలి.

డూ-వాప్ అంటారట ఈ పాటని. తబలా లేదు, హార్మోనియం లేదు, అంతా నోటితోనే. ఒకాయన పాడుతుంటే మిగతావాళ్ళు ఉవా ఉవా అంటూ చుట్టూ అల్లుకుంటారు. ఎంత బాగుందో. కానీ అడుగు లేదు. బాసు లేదు. మా ఊరి లూథరన్ చర్చిలో మీసం రాకముందు నుంచీ బాసు పాడినవాణ్ణి. పాటకి అడుగు గొంతు లేకపోతే నాకు అన్నం వడ్డించని విస్తరి ముందు కూర్చున్నట్టుంటుంది. తలుపు తెరిచే ఉంది, ఇంకా రికార్డు చేయడం లేదు. క్యారేజీ చేతిలో ఉండగానే లోపలికి నడిచి, నేల మీద అంటించిన ఎర్ర టేపు గుర్తు ఒకటి ఖాళీగా కనిపిస్తే దాని మీద నిలబడి, గొంతు కలిపేశాను. పాట ముగిసింది. అలవాటు కొద్దీ చివర ఆమేన్ కూడా దించాను.

వాళ్ళెవరూ నా ముఖం చూడలేదు. నా కాళ్ళ కింద గుర్తును చూశారు.

"నాన్నా, ముందు అక్కడ్నించి దిగు" అన్నాడు విక్టర్, అద్దం గదిలోంచి పరుగెత్తుకొచ్చి.

దిగబోతే వాళ్ళ పెద్దాయన రమీరో చెయ్యెత్తి ఆపాడు. తర్వాత విక్టర్ చెప్పాడు, అది ఎలాదియో అనే ఆయన నిలబడే చోటట. వాళ్ళ బాసు ఆయనే. పోయి రెండేళ్ళయింది. ఎక్కడ పాడినా ఐదు గుర్తులూ అంటిస్తారు, ఐదోదాని మీద ఎవరూ కాలు పెట్టరు. ఇంకొకణ్ణి తీసుకోకూడదని ఒట్టు కూడా పెట్టుకున్నారట. అలాంటిది నన్ను రేపు కూడా రమ్మన్నారు.

సాయంత్రం ఇంట్లో చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పాను. సత్యకుమారి చిక్కుడుకాయలు గిల్లుతూ అంతా విని, "అయితే చచ్చిపోయినాయన చోట నిలబడ్డారన్నమాట" అంది. మా ఆవిడకి సంగీతం తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క కీర్తన శ్రుతిలో పాడలేదు పాపం.

జనవరి 15, బుధవారం

మళ్ళీ పాడాను. నిజంగానే రికార్డు చేశారు. విక్టర్ నా ఆమేన్‌లు కోసి పారేస్తున్నాడు. "ప్రతి పాటకీ ఆమేన్ ఏంటి నాన్నా, ఇదేమన్నా ఆరాధనా" అన్నాడు. నోటి అలవాటురా అన్నాను. రమీరో నవ్వాడు.

చక్కెర లేని నల్ల కాఫీ ఇచ్చారు. నాలుగు చెంచాలు పడితేగాని దాన్ని కాఫీ అననివాణ్ణి. మొహమాటపడి తాగాను. బాగానే ఉంది.

జనవరి 19, ఆదివారం

వీళ్ళు పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఒకే మైకు. దాని చుట్టూ అర్ధచంద్రంలా నిలబడి, ఒక్కొక్కరూ పక్కవాడి వీపు మీద అరచెయ్యి ఆనిస్తారు. అందరూ ఒకేసారి ఊపిరి తీయడానికట. నా వీపు మీద రమీరో చెయ్యి. ఈ రోజు పాట మధ్యలో ఆ చెయ్యి గట్టిగా బిగుసుకుంది. తర్వాత ఆయన విక్టర్‌తో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

"ఏమంటున్నాడ్రా?"

"ఎలాదియో ఎక్కడ ఊపిరి తీసేవాడో నువ్వూ అక్కడే తీస్తున్నావట."

బాసు పాడే ఎవడైనా అక్కడే తీస్తాడు. వేరే చోటు లేదు కదా ఆ పాటలో. కానీ ఎంత పొగడ్త అది. బస్సులో వస్తూ దారంతా నవ్వుకున్నాను. పక్కన కూర్చున్న బంగ్లా అబ్బాయి లేచి వెనక సీటుకి పోయాడు.

జనవరి 22, బుధవారం

కింద కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టులో పనిచేసే అమ్మిరాజుకి ఫోను చేసి లబన్ మజ్జిగ డబ్బాలూ ఒక ట్రే గుడ్లూ పంపమన్నాను. "యస్ సార్, విచ్ ఫ్లాట్ సార్" అంటాడు. నేనేరా, ఆదాముని అన్నాను. "ఓకే సార్, ఆదాముగారి ఫ్లాట్ సార్" అంటాడు.

సామాను పట్టుకొని పైకొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "మాట్లాడింది మీరేనా అండి? ఎవరో దొర తెలుగు నేర్చుకుని మాట్లాడుతున్నాడనుకున్నానండి బాబూ."

"ఆల్బం గొంతురా ఇది" అన్నాను.

"అయితే ఈ గొంతుతో నాకు వీసా ఇచ్చిన కఫీల్‌కి ఓసారి ఫోను చేసి నా లీవు సంగతి అడిగిపెట్టండి. ఎంబసీ నుంచనుకుంటాడు."

ఎంత నవ్వానో. నవ్వు కూడా కిందనుంచి వస్తోంది, బావిలోంచి వచ్చినట్టు. సాధన అంటే ఇదే మరి.

జనవరి 26, ఆదివారం

ఈ రోజు తమాషా జరిగింది. హాల్లోంచి సత్యకుమారిని మంచినీళ్ళడిగాను. వంటగదిలోంచి, "మా అబ్బాయి ఇంట్లో లేడండి, డ్యూటీకెళ్ళాడు, సాయంత్రం రండి" అంది. ఎవరొచ్చారా అని నేను గుమ్మం వైపు చూశాను. ఎవరూ లేరు. ఇంతలో ఆవిడ తల మీద కొంగు కప్పుకొని బయటికొచ్చింది. నన్ను చూసింది, మళ్ళీ గుమ్మం చూసింది.

"ఎవరో వచ్చి మాట్లాడారు కదండీ?"

"నేనే."

ఇద్దరం నవ్వుకున్నాం. అంటే, నేను నవ్వాను. ఆవిడ కొంగు తీయడం మర్చిపోయింది.

జనవరి 31, శుక్రవారం

చర్చి ఫెలోషిప్‌లో పాడలేదు. గొంతుకి విశ్రాంతి కావాలి. అందరూ అభినందించారు.

ఫిబ్రవరి 3, సోమవారం

సత్యకుమారి కొంగు తల మీదే ఉంటోంది. ప్రార్థనలో ఉంటోంది కాబోలు. నేను నోరు తెరిస్తే కప్పుకుంటుంది, మూస్తే జారుతుంది. ప్రార్థన మంచిదే.

మెర్సీ టార్చి వేసి నా గొంతు చూసింది. నర్సు కదా, ఆ అనిపించి, ఊ అనిపించి, మెడ నొక్కి చూసింది.

"వాపు లేదు, ఎరుపు లేదు. గొంతు శుభ్రంగా ఉంది మామయ్యగారూ."

"మరింకేం తల్లీ, సంతోషం."

"అదే నాకు భయంగా ఉందండి. ఏదో ఒకటి ఉంటే బాగుండును" అంది.

చదువుకున్నవాళ్ళకి ఆరోగ్యం కూడా అనుమానమే.

ఫిబ్రవరి 5, బుధవారం

ఎంత గొప్ప రోజు. ఎలాదియో భార్య, పేరు కొన్సువేలో, స్పెయిన్ నుంచి ఫోను చేసింది. మొన్నటి పాట రమీరో ఆవిడకి వినిపించాడట. ఫోను స్పీకర్‌లో పెట్టి నా ముందు పట్టుకున్నాడు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది, నాకు ఒక్క ముక్క తెలియదు. తెలియనప్పుడు మర్యాదకి మనం ఏం చేస్తాం? ఊ కొడతాం. కథ చెప్పేవాళ్ళకి కొట్టినట్టు అక్కడక్కడ ఊఁ అన్నాను.

ఆవిడ ఆగిపోయింది. తర్వాత చిన్నపిల్లలా నవ్వింది. తర్వాత ఏడ్చింది.

విక్టర్ అడిగి చెప్పాడు. ఎలాదియో ఇంట్లో పెద్దగా మాట్లాడేవాడు కాదట. ఆవిడ చెబుతుంటే అలాగే గొంతులో ఊఁ, ఊఁ అనేవాడట. వాళ్ళ దేశంలో ఊ కొట్టే అలవాటు ఎవరికీ లేదట, ఆయనొక్కడికే ఉండేదట. ఆ శబ్దానికే ఆవిడ ఆయన్ని చేసుకుందట.

నా ఊఁకి ఇంత విలువుందని నాకు తెలియదు. స్తోత్రం.

ఫిబ్రవరి 8, శనివారం

ఇప్పుడావిడ నా ఫోనుకే చేస్తోంది. రమీరో నంబరిచ్చాడట. మధ్యాహ్నం భోజనాలయ్యాక మోగుతుంది. ఆవిడ చెబుతుంది, నేను ఊ కొడతాను. వంటింటి గిన్నెల చప్పుడు వినిపిస్తుంది అటునుంచి. ఏదో తరుగుతూ మాట్లాడుతుంది. ఉల్లిపాయలనుకుంటాను, మధ్యలో ముక్కు ఎగబీలుస్తుంది. ఎక్కడ నవ్వాలో నాకు తెలుస్తోంది.

"ఎవరండీ?" అంది సత్యకుమారి గుమ్మంలోంచి.

"స్పెయిన్ ఆవిడ."

"ఏమంటుంది?"

"ఏమో."

"ఏమో తెలియకుండానే ఇంతసేపటి నుంచీ ఊ కొడుతున్నారా. బియ్యం అయిపోయాయి, సంచీ తెప్పించండి అని పొద్దుట్నుంచీ నేను మొత్తుకుంటుంటే ఒక్క ఊ అన్లేదు."

నిజమే. బియ్యం సంగతి వినపడలేదు నాకు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఈ రోజు పాట చివర ఆమేన్ అనలేదు. గుర్తురాలేదు. విక్టర్‌కి కోసే పని తప్పింది. వాడే ఒకసారి అద్దంలోంచి నా వైపు చూశాడు, వస్తుందేమోనని ఎదురుచూసినట్టు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

సత్యకుమారి నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది. రాయాలని లేదు. అయినా రాస్తాను.

"మీరు కోప్పడకూడదు. మీరు మాట్లాడితే నాకు పరాయి మగాడు ఇంట్లో ఉన్నట్టుంటోందండి. కళ్ళు మూసుకుంటే భయం. తెరిస్తే మీరే."

"పాట కోసం కదా సత్యా..." అన్నాను.

ఆ మాటకే చెయ్యి కొంగు మీదికి పోయింది. ఆవిడకి తెలియకుండానే పోయింది. నేను చూశాను.

"ఒక్కటి కనుక్కోండి. ఈ ఆల్బం అయిపోతే మీ గొంతు మీకు తిరిగొస్తుందా లేదా. వచ్చేదయితే ఎన్నాళ్ళయినా ఓర్చుకుంటాను. రాకపోయేదయితే ఇప్పుడే మానేయండి. పాడేవాళ్ళు ప్రపంచంలో బోలెడుమంది. నాకు మొగుడొక్కడే."

నాకెంత ఆనందమేసిందో. ఈ వయసులో నా గొంతు కోసం ఇంత ఆరాటపడే మనిషి ఇంట్లో ఉంది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ మాటే చెబుదామనుకొని చెప్పకుండా ఊరుకున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

రమీరోని అడిగాను. ఇంకా ఒక్క పాటే ఉందట. యాభై ఏళ్ళ పండగ పాట అదే. డూ-వాప్‌లో ఒక పద్ధతి ఉందట, పాట మధ్యలో అందరూ తగ్గిపోతే బాసు ఆయన పాడకుండా మాటలు చెబుతాడు, ఎదురుగా మనిషితో చెప్పినట్టు. ఈ పాటలో ఆ మాటలు ఎలాదియో తన భార్య కోసం తనే రాసుకున్నాడు. చెప్పకముందే పోయాడు.

రమీరో ఇంకో మాట కూడా అన్నాడు. విక్టర్ వెంటనే చెప్పలేదు. గుచ్చి అడిగితే, "ఆ మాటలు చెప్పేస్తే అతని పనైపోతుంది, వెళ్ళిపోతాడు అన్నాడు" అన్నాడు.

"ఎవరు వెళ్ళిపోతారు?"

"పాట పనైపోతుంది అని నాన్నా. ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం."

ఇంటికొచ్చి సత్యకుమారికి చెప్పాను, చివరి పాట కాగానే నా గొంతు వచ్చేస్తుందట అని. నాకూ అదే అర్థమైంది. ఆ చివరి పాట రోజు తనూ స్టూడియోకి వస్తానంది ఆవిడ.

ఫిబ్రవరి 20, గురువారం

అయిపోయింది. ఆల్బం అయిపోయింది. అందరూ నన్ను కౌగిలించుకున్నారు. ఒక్కసారికే వచ్చింది, మళ్ళీ చెప్పించలేదు. ఎంత సంతోషంగా ఉన్నానో రాయలేను.

రాస్తాను. వరసగా రాస్తాను.

సత్యకుమారి పండగ చీర కట్టుకొని అద్దం అవతల విక్టర్ పక్కన కూర్చుంది. ఎలాదియో మాటలు విక్టర్ తెలుగు అక్షరాల్లో రాసిచ్చాడు, నాలుగు రోజులుగా బట్టీపట్టాను. కానీ గుర్తు మీద నిలబడ్డాక ఆవిడ ముఖం చూసి మనసు మార్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా మాటలు నేను చెబుతాను, తెలుగులో చెబుతాను, ఆవిడకే చెబుతాను అనుకున్నాను. బాసు ఏం చెప్పినా చుట్టూ ఉవా ఉవా ఉంటే అందంగానే ఉంటుంది కదా.

ఆ చోటు వచ్చింది. అందరూ తగ్గారు. నేను ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పాను: "సత్యా, బయట చలిగాలిగా ఉంది, వెళ్ళేటప్పుడు బస్సు వద్దు, టాక్సీలో పోదాం, నీ మోకాళ్ళు అసలే మంచివి కావు. ఇంటికెళ్ళి మిరియాల చారు పెట్టు. నేనే సత్యా, ఆదాముని."

నా చెవులతో నేను విన్నాను. తెలుగే. ప్రతి మాటా తెలుగే.

పాట ముగిసింది. రమీరో నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాడు. అద్దం అవతల విక్టర్ కదల్లేదు. వినిపించరా అన్నాను. వినిపించాడు.

స్పెయిన్ భాష వచ్చింది. కాగితం మీదున్న మాటలు ఒకటీ తప్పకుండా, వరసగా. ఒకచోట చిన్న నవ్వు కూడా ఉంది. కాగితంలో ఆ నవ్వు లేదు.

"తెలుగులో చెప్పాను కదరా" అన్నాను.

"అలసిపోయావు నాన్నా. కూర్చో." వాడు స్పీకర్లు కట్టేశాడు.

టాక్సీలో సత్యకుమారిని అడిగాను, నేనేం చెప్పానో విన్నావా అని. ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"విన్నానండి. ఆయన ఏదో ప్రేమగానే చెప్పాడు, ఎవరికో."

ఫిబ్రవరి 21, శుక్రవారం

గొంతు ఇంకా రాలేదు. అంత పని చేశాక ఒకట్రెండు రోజులు పడుతుంది.

ఫిబ్రవరి 24, సోమవారం

రాలేదు.

ఫిబ్రవరి 26, బుధవారం

బృందం వెళ్ళిపోయింది. సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. రమీరో వంగి నేల మీది టేపు గుర్తులు ఒక్కొక్కటీ జాగ్రత్తగా ఊడదీసి ఒక డబ్బాలో పెట్టుకుంటున్నాడు. ఎక్కడికి పోయినా అవే అంటిస్తారట. నాలుగు తీశాడు. ఐదోది వదిలేశాడు.

అది మర్చిపోయారని చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపి, నా రెండు చేతులూ పట్టుకొని, విక్టర్ వైపు చూస్తూ ఏదో అన్నాడు.

"ఇక మోసుకు తిరగక్కర్లేదు, అతనికి చోటు దొరికింది అంటున్నాడు" అన్నాడు విక్టర్. ఈసారి వాడు మాటేమీ మార్చలేదు.

చాలా మంచి మనుషులు. వాళ్ళ భారం తేలికైనందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 27, గురువారం

ఉపాయం దొరికింది. ఇంత సులువైనది ముందే ఎందుకు తోచలేదో. మాట్లాడటం మానేశాను.

పొద్దుట్నుంచీ నోరు విప్పలేదు. కాఫీ చేత్తో అడిగాను. మధ్యాహ్నానికి సత్యకుమారి కొంగు జారిపోయింది, మళ్ళీ ఎత్తుకోలేదు. పక్కన కూర్చొని నా కాలి గోళ్ళు తీసింది. మెర్సీ సంగతులు, నిడదవోలులో వాళ్ళ చెల్లెలి ఇంటి గొడవ, అమ్మిరాజు లీవు దొరికిన సంగతి, అన్నీ చెప్పింది. నేను తల ఊపాను. "ఇదిగో, ఇప్పుడున్నారు మీరు" అంది.

మాట్లాడకపోతే నేను నేనే. ఇంతకంటే ఏం కావాలి. ఫోను మధ్యాహ్నం మోగింది. దిండు కింద పెట్టాను.

మార్చి 2, ఆదివారం

ఫోను రోజూ మోగుతూనే ఉంది. ఆగి, మళ్ళీ మోగుతుంది. నిన్న మోగుతుంటే సత్యకుమారి కూర కలుపుతున్నది ఆపి విన్నది.

ఈ రోజు తనే దిండు కిందనుంచి ఫోను తీసింది. కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఎత్తండి."

నేను తల అడ్డంగా ఊపాను. నా గొంతు చూపించాను, ఆవిణ్ణి చూపించాను.

"తెలుసండి. ఆలోచించుకునే చెబుతున్నాను. పాపం, ఒంటరి ఆడమనిషి, ఎన్నాళ్ళని మోగిస్తుంది. ఆ గొంతు ఎలాగూ ఆవిడ మొగుడిది. ఆవిడకిచ్చేయండి. మిగతాది నాకు చాలు."

పక్క ఫ్లాటు వాళ్ళకి కూర గిన్నెలో పెట్టి ఇచ్చినట్టు, అంత మామూలుగా చెప్పింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. కాసేపు పట్టుకోనిచ్చింది. తర్వాత మెల్లగా విడిపించుకొని, గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఎవరింట్లోనో ఆలుమగలు మాట్లాడుకుంటుంటే మనం తప్పుకుంటామే, అలా.

ఈ వయసులో రెండిళ్ళలో కావలసినవాడిగా ఉండే భాగ్యం ఎవరికుంటుంది. నాకున్నంత సంతోషం బహ్రెయిన్ మొత్తం మీద ఇంకెవరికీ ఉండదు. అది నిజం, అందుకే రాసుకుంటున్నాను.

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. అటునుంచి గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ, ఎలాదియో అని, పేరు పెట్టి పిలిచింది.

పలికాను.